ఉప్పు కొండ కింది ఊరు: హాల్‌స్టాట్ గురించి మీరు అడిగినవి

పోయిన నెల ఈ శీర్షికలో ఆస్ట్రియా రైళ్ల గురించి రాస్తూ హాల్‌స్టాట్ అనే ఊరి పేరు ఒకసారి ఎత్తాను. అంతే, వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఊరి గురించే. రైళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. సరే, ఈ నెల మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. మా అమ్మాయి కుటుంబం ఆస్ట్రియాలోని లింజ్‌లో ఉంటుంది. వేసవి వస్తే నేనూ అక్కడే. పుట్టి పెరిగింది మాత్రం శ్రీకాకుళం జిల్లా నౌపడలో, ఉప్పు మడుల పక్కన. తర్వాత రిటైరయ్యేదాకా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. అందుకని సరస్సు ఎంత అందంగా ఉన్నా నా కళ్లు ముందు ఉప్పునే వెతుక్కుంటాయి. జవాబుల్లో అది కనిపిస్తే ఏమీ అనుకోకండి.

మేడమ్, జూన్‌లో మేమిద్దరం, మా అత్తగారు యూరప్ టూర్‌కి వెళ్తున్నాం. సాల్జ్‌బర్గ్ నుంచి హాల్‌స్టాట్ తీసుకెళ్లి రెండు గంటలు ఆపుతామని ప్యాకేజీలో రాశారు. అది సరిపోతుందా? ఫొటోలు చూస్తే బాగుంది గానీ, అసలు ఆ ఊళ్లో అంత ఏముంది?
— గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

సరిపోదమ్మా. ఆ రెండు గంటల్లో ఏం జరుగుతుందో చెప్తాను. బస్సు ఊరికి దక్షిణాన లాన్ అనే పేటలో ఆపుతారు. అక్కడి నుంచి సరస్సు ఒడ్డునే ఒక వీధి. జనంతో పాటు నడిచి, మార్కెట్ కూడలి దాటి, ఊరి ఉత్తరపు కొసకి చేరతారు. మీరు ఫోన్లలో, క్యాలెండర్లలో చూసిన ఫొటో అక్కడి నుంచే తీస్తారు: చర్చి గోపురం, దాని వెనక కొండ, కింద నీళ్లు. అక్కడ మీ వంతు కోసం నిలబడాలి. తర్వాత బాత్రూమ్ దగ్గర క్యూ, ఒక ఐస్‌క్రీమ్, మళ్లీ బస్సు. ఇంటికొచ్చాక మీ అత్తగారికి గుర్తుండేది బాత్రూమ్ క్యూయే.

ఆ ఒక్క రోజు ప్యాకేజీ వాళ్లని వదిలేసి రైల్లో వెళ్లండి. సాల్జ్‌బర్గ్‌లో ఎక్కితే ఆట్నాంగ్-పుఖ్‌హైమ్‌లో మారాలి, మొత్తం రెండున్నర గంటలు అనుకోండి. తమాషా ఏమిటంటే హాల్‌స్టాట్ స్టేషన్ హాల్‌స్టాట్‌లో లేదు. 1877లో రైలు మార్గం సరస్సుకి తూర్పు ఒడ్డున వేశారు. ఊరేమో పడమటి ఒడ్డున ఉంది. రైలు దిగి నాలుగు అడుగులు వేస్తే పడవ ఉంటుంది, రైలు వేళలకే నడుపుతారు. పది నిమిషాల్లో అవతలికి చేరుస్తుంది. ఆ పది నిమిషాలే మీ టికెట్టు డబ్బులకి న్యాయం చేస్తాయి. ఎందుకంటే ఈ ఊరిని తరతరాలుగా మనుషులు అలాగే చూశారు, నీళ్ల మీద నుంచి. ఒడ్డు వెంట బండి నడిచే రోడ్డు వచ్చింది 1890లో, అదీ కొండరాయిని పేల్చి. అంతకు ముందు పడవ, లేదంటే కొండ మీది కాలిబాట.

ఇక ఊళ్లో ఏముంది అంటారా. మొదట, ఏం లేదో చూడండి. జాగా లేదు. ఆల్ప్స్‌లోని డాక్‌స్టైన్ పర్వతాల అడుగున, సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో, కొండ గోడకీ సరస్సుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ ఊరు. సరస్సు 125 మీటర్ల లోతు, కాబట్టి నీళ్లలోకి జరిగే ప్రశ్నే లేదు. ఇళ్లు పైకి, పైపైకి కట్టుకుంటూ పోయారు. పాత రోజుల్లో ఒడ్డున ఉన్న ఒక ఇంటి నుంచి పక్కింటికి వెళ్లాలంటే పడవన్నా ఎక్కాలి, లేకపోతే ఇళ్ల అటకల గుండా పోయే సన్నటి దారి పట్టుకోవాలి. అత్తగారితో చెప్పండి, ఊరి వాళ్లు మన అటక మీంచి నడిచి వెళ్తుంటే ఎలా ఉంటుందో ఆవిడే చెప్తారు.

మార్కెట్ కూడలిలో ఒక ఇంటి గోడకి పియర్ చెట్టు బల్లిలా అతుక్కుని కనిపిస్తుంది. పెరడు లేదు కాబట్టి కొమ్మల్ని గోడకి కట్టి అడ్డంగా పెంచారు. అందరూ దాని ముందు సెల్ఫీ దిగుతారు గానీ, అది అలంకారం కోసం మొదలైంది కాదు, పళ్ల కోసం. మీరు చూసే రంగురంగుల బరోక్ ఇళ్లు చాలావరకు 1750 తర్వాతివి. ఆ ఏడు ఊరి నడిబొడ్డు తగలబడిపోయింది, మళ్లీ కట్టుకున్నారు.

జూన్ అంటున్నారు కాబట్టి ఇంకో సంగతి. ఈస్టర్ తర్వాత అరవయ్యో రోజున, గురువారం నాడు, కోర్పస్ క్రిస్టి అనే క్యాథలిక్ పండగ వస్తుంది. ఒక్కో ఏడు మే చివర, ఒక్కో ఏడు జూన్‌లో. ఆ రోజు ఈ ఊళ్లో ఊరేగింపు సరస్సు మీద పడవల్లో జరుగుతుంది. 17వ శతాబ్దం నుంచీ అంతే. మీ తేదీలు కుదిరితే వదులుకోకండి.

అత్తగారి మోకాళ్ల గురించి మీరు అడగలేదు గానీ నేనే చెప్తాను. ఒడ్డున వీధి చదునే. చర్చికి మాత్రం మెట్లెక్కాలి. పైన ఉప్పు గని ఉన్న లోయకి ఫ్యునిక్యులర్ రైలు, అంటే తాడుతో కొండ మీదికి లాగే రైలు వెళ్తుంది (మరమ్మతులకని, చలికాలమని ఆపుతుంటారు, బయల్దేరే ముందు చూసుకోండి). పైన 13వ శతాబ్దంలో గనికి కాపలాగా కట్టిన రుడాల్ఫ్ బురుజు, ఊరికి 350 మీటర్ల ఎత్తున గాల్లోకి పొడుచుకొచ్చిన వేదిక ఉన్నాయి. గని లోపల చాలా నడవాలి. ఎండాకాలమైనా 8 డిగ్రీల చలి ఉంటుంది, స్వెటర్ తప్పదు. ఒక అంతస్తు నుంచి కింది అంతస్తుకి గని పనివాళ్లు జారే చెక్క జారుడు పట్టాల మీద మనల్నీ జారనిస్తారు. భయపడేవాళ్లకి పక్కనే మెట్లున్నాయి. ఆవిడ వద్దంటే బురుజు దగ్గర కాఫీ తాగుతూ కూర్చుంటారు, కింద సరస్సంతా కనిపిస్తుంది.

వీలైతే ఒక రాత్రి ఉండండి. సాయంత్రం బస్సులు పోయాక ఊరు ఊరివాళ్లకి మిగులుతుంది, అప్పుడు తిరగడానికి బాగుంటుంది. గదులు ఖరీదే. పక్క ఊరు ఓబర్‌ట్రౌన్‌లోనూ వెతకండి.

నమస్తే మేడమ్. నేను సివిల్స్‌కి ఆంత్రోపాలజీ ఆప్షనల్‌తో ప్రిపేర్ అవుతున్నాను. ఐరోపా ఇనుప యుగం దగ్గర ‘హాల్‌స్టాట్ సంస్కృతి’ అని చదివాను. మీరు రాసిన ఊరూ అదీ ఒకటేనా? అంత చిన్న ఊరి పేరు ఒక యుగానికి ఎలా పెట్టారు?
— ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్ నుంచి

ఒకటే నాయనా. ఇప్పుడు అక్కడ ఉండేది 750 మంది లోపే. అయినా మధ్య ఐరోపాలో సుమారు క్రీ.పూ. 800 నుంచి 450 దాకా ఉన్న కాలానికి ఆ ఊరి పేరే పెట్టారు. కారణం ఒక గని అధికారి.

యోహాన్ గియోర్గ్ రామ్‌జావర్ అని ఆయన పేరు. ఉప్పు గని వ్యవహారాలు చూసేవాడు. 1846లో గని పైలోయలో తవ్వుతుంటే పాత సమాధులు బయటపడ్డాయి. ఆ కాలంలో సమాధి దొరికితే బంగారం ఏరుకుని మిగతాది పారేసేవాళ్లే ఎక్కువ. ఈయన అలా చేయలేదు. 1863 దాకా తవ్వుతూ 980 సమాధులు తెరిచాడు. ఏ అస్థిపంజరం ఎటు తిరిగి ఉంది, ఏ కుండ ఎక్కడుంది, కత్తి ఏ చేతి పక్కన ఉంది, అన్నీ నమోదు చేయించాడు. నీటిరంగుల్లో ఒక్కో సమాధి బొమ్మ వేయించాడు. పురాతత్వ శాస్త్రంలో డిగ్రీ లేదు, అసలు ఆ శాస్త్రమే అప్పుడు సరిగ్గా పుట్టలేదు. గని రిజిస్టరు రాసే చేతికి లెక్క తప్పకుండా రాయడం అలవాటు, అంతే. ఆ లెక్కే నీ సిలబస్‌లోకి వచ్చింది.

ఆ సమాధుల్లో ఏం దొరికాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బాల్టిక్ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన అంబర్ (రాయిలా గట్టిపడ్డ పాతకాలపు చెట్టు జిగురు), ఏనుగు దంతం పిడి వేసి ఆ అంబర్‌నే పొదిగిన కత్తి. ఏనుగులు ఆల్ప్స్‌లో లేవు కదా. ఆ దంతం ఎన్ని చేతులు మారి ఆ లోయకి చేరిందో. దానికి బదులుగా కిందికి వెళ్లింది ఉప్పు. మాంసం, జున్ను నిలవ ఉండాలంటే ఇంకో దారి లేని కాలం.

నీకు పరీక్షకి ఇంకా పనికొచ్చేది గని లోపల ఉంది. సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితం అక్కడి సముద్రం ఎండిపోయి మిగిలిన ఉప్పు, మట్టితో కలిసిపోయి ఆ కొండలో ఉంది. అలాంటి కొండ ఒత్తిడికి మెల్లగా కదులుతుంది. వదిలేసిన సొరంగాన్ని తానే మూసేస్తుంది. పనివాళ్లు వదిలేసిన చెత్తంతా ఆ ఉప్పులో గట్టిపడి ఉండిపోతుంది. నా క్లాసులో చెప్పినట్టే చెప్తాను: ఉప్పు తేమని లాగేస్తుంది, తేమ లేనిచోట బ్యాక్టీరియా పని చేయలేదు. అందుకని మూడు వేల ఏళ్ల నాటి ఉన్ని గుడ్డ రంగుతో సహా మిగిలింది. తోలుతో చేసిన వీపు సంచులు, వెలుగు కోసం కాల్చిన సన్నటి చెక్క పుల్లలు, తోలు బూట్లు మిగిలాయి. 2003లో ఒక చెక్క మెట్ల వరుస దొరికింది. చెట్టు వలయాలు లెక్కపెడితే అది క్రీ.పూ. 1344-43 నాటి కలప అని తేలింది. ఐరోపాలో దొరికిన చెక్క మెట్లలో అదే పాతది.

ఇంకోటి చెప్తే నవ్వుతావు. ఆ కాలపు పనివాళ్ల మలం కూడా గనిలో చెడకుండా ఉంది. అందులో బార్లీ, చిరుధాన్యాలు, చిక్కుళ్ల జాతి గింజలు దొరికాయి. వాటి మీద 2021లో వచ్చిన పరిశోధనలో బీరు పులియబెట్టే ఈస్ట్, నీలి చార జున్ను తయారీకి వాడే బూజు ఆనవాళ్లు కూడా కనిపెట్టారు. ఇనుప యుగపు పనివాడు జున్ను తిని బీరు తాగాడన్న మాట. రాజుల శాసనాల్లో ఇలాంటివి ఉండవు. పనివాడి భోజనం తెలియాలంటే పనివాడి చెత్తే దిక్కు.

ఆ పనివాళ్లలో పిల్లలూ ఉన్నారు. సమాధుల్లోని చిన్న ఎముకల మీద బరువులు మోసిన గుర్తులున్నాయి, గనిలో చిన్న పాదాల బూటు దొరికింది. పుస్తకంలో ‘సంపన్న సంస్కృతి’ అని చదివినప్పుడు ఆ బూటు కూడా గుర్తుపెట్టుకో. మెయిన్స్‌లో రాసినా తప్పులేదు.

క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో పెద్ద కొండచరియ విరిగి ఆ లోయ మీద పడింది. ఆ కాలపు గనులు అంతటితో ఆగాయి. ఆ తర్వాత రోమన్లు వచ్చి లాన్ పేట వైపు ఉన్నారు. ఊళ్లో ఆటసామాన్ల దుకాణం ఒకటుంది, దాని కింది అంతస్తులో తవ్వకాలు చేసి వదిలిన గోడలు అలాగే కనిపిస్తాయి. పైన స్కీయింగ్ బూట్లు అమ్ముతుంటారు. దొరికిన వస్తువుల్లో ఎక్కువ భాగం వియన్నాలోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం వాళ్లు ఇప్పటికీ ఆ గనిలో తవ్వుతూనే ఉన్నారు.

మేడమ్ గారూ, నేను రిటైర్డ్ ఇంజనీర్‌ని. ప్రపంచంలో మొదటి పారిశ్రామిక పైప్‌లైన్ హాల్‌స్టాట్‌లో ఉందని ఎక్కడో చదివాను. చమురు లేని కాలంలో పైప్‌లైన్ దేనికి?
— కాకినాడ నుంచి

ఉప్పు నీళ్లకండీ. మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది, కాబట్టి కాస్త సాగదీస్తాను.

మన దగ్గర ఎండ ఉంది. మడిలోకి సముద్రపు నీళ్లు పెడితే సూర్యుడే ఉప్పు చేసి ఇస్తాడు, మనం గోరుకుని కుప్ప పోసుకోవడమే. అక్కడ ఆ ఎండ లేదు. పైగా కొండలో ఉప్పు మట్టితో కలిసి ఉంటుంది. కాబట్టి మధ్యయుగాల నుంచి వాళ్ల పద్ధతి ఇది: కొండ లోపల గుహ తొలిచి మంచినీళ్లు వదులుతారు. ఉప్పు కరిగి నీళ్లలోకి వస్తుంది, మట్టి అడుగుకి దిగుతుంది. ఇంక కరగనంత చిక్కబడ్డాక, అంటే నూటికి 26, 27 పాళ్లు ఉప్పు అయ్యాక, ఆ నీళ్లని కిందికి తెచ్చి పెద్ద పెద్ద పెనాల్లో మరగబెడతారు.

మరగబెట్టాలంటే కట్టెలు కావాలి. ఎన్ని? అడవులు అడవులే. 16వ శతాబ్దం చివరికి హాల్‌స్టాట్ చుట్టుపక్కల కట్టెలు చాలని పరిస్థితి వచ్చింది. కట్టెల్ని ఉప్పు దగ్గరికి తేవడం కంటే ఉప్పు నీళ్లని కట్టెల దగ్గరికి పంపడం చవక అని లెక్క వేశారు. 1595లో మొదలుపెట్టి 1607 నాటికి ట్రౌన్ సరస్సు ఒడ్డున ఉన్న ఎబెన్‌జే దాకా 40 కిలోమీటర్ల గొట్టం వేశారు. ఇనుము కాదు, చెట్లు. సుమారు 13,000 దుంగల్ని నడిమధ్య తొలిచి, ఒకదానిలో ఒకటి దూర్చి కట్టారు. పంపు లేదు, వాలే నడిపించింది. కొండ పక్కన అంత దూరం వాలు తప్పకుండా ఆ రోజుల్లో సర్వే చేయడం ఎంత కష్టమో నాకంటే మీకే బాగా తెలుసు. గొట్టాలు మారాయి గానీ ఆ దారిన ఉప్పు నీళ్లు ఈనాటికీ ఎబెన్‌జేకి వెళ్తున్నాయి. గొట్టం వెంట నడకదారి ఉంది, మీకు ఓపికుంటే హాల్‌స్టాట్ వైపు కాస్త దూరమైనా నడవండి. చెక్క గొట్టాల నమూనాలు చూడొచ్చు.

ఈ ఉప్పంతా ఆస్ట్రియాని ఏలిన హాప్స్‌బర్గ్ రాజులది. ఆ ప్రాంతం మొత్తాన్ని ఖజానా సొంత ఆస్తిలా పాలించారు. అడవిలో చెట్టు, గనిలో మనిషి, సరస్సులో పడవ అన్నీ ఉప్పు లెక్కలోకే. నౌపడలో మా తాతయ్య కాలంలో ఉప్పు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మడుల దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదట. గుప్పెడు ఉప్పు ఇంటికి తీసుకెళ్తే నేరం. ఆ కథలు విని పెరిగినదాన్ని కాబట్టి చక్రవర్తుల ఉప్పు వైభవం గురించి గైడు చెప్తుంటే నాకు పెద్దగా చప్పట్లు కొట్టాలనిపించదు.

ఒక్క 1734వ సంవత్సరం చూడండి. ఏప్రిల్‌లో గనిలో ఒక శవం బయటపడింది. కొండ మూసుకున్నప్పుడు ఇరుక్కుపోయిన పాతకాలపు పనివాడు, ఉప్పు వల్ల చెడకుండా ఉన్నాడు. క్రైస్తవుడు కాదు కదా అని శ్మశానంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లని పూడ్చే మూల పూడ్చేశారు. ఈనాటి శాస్త్రవేత్తలు ఆ సంగతి తలుచుకుని జుట్టు పీక్కుంటారు. అదే ఏడాది, ఆ ప్రాంతంలో రహస్యంగా ప్రొటెస్టెంట్ మతం పాటిస్తున్న కుటుంబాల్ని ఇళ్లు, పొలాలు వదిలించి దూరాన ట్రాన్సిల్వేనియాకి (ఇప్పటి రుమేనియాలో ఉంది) పంపేశారు. గని పనివాళ్లలో ప్రొటెస్టెంట్లు చాలామంది. 1781లో రెండో జోసెఫ్ చక్రవర్తి సహన శాసనం ఇచ్చాకే వాళ్లకి ఊపిరాడింది. ఇప్పుడు పోస్ట్‌కార్డు మీద కనిపించే సన్నటి గోపురం ఆ ప్రొటెస్టెంట్ల చర్చిది, 19వ శతాబ్దంలో కట్టుకున్నారు. కొండ వాలు మీద ఉన్నది క్యాథలిక్ చర్చి. గోపురం ఫొటో తీసేవాళ్లలో నూటికి ఒకరికైనా ఈ సంగతి తెలుసో లేదో.

మేడమ్, అక్కడ పుర్రెలకి రంగులు వేసి పెడతారట, నిజమేనా? పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? నాకే వింటుంటే ఒళ్లు జలదరిస్తోంది.
— తిరుపతి నుంచి ఒక తల్లి

నిజమే. క్యాథలిక్ చర్చి వెనక చిన్న గుడిలో సుమారు 1,200 పుర్రెలున్నాయి, అందులో 600 పైచిలుకు రంగులు వేసినవి. మళ్లీ జాగా లేకపోవడమే కారణం. శ్మశానం అరచేతంత. దహనానికి చర్చి ఒప్పుకునేది కాదు. పదీ పదిహేనేళ్లకి సమాధి తవ్వి ఎముకలు తీసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేవాళ్లు. తీసిన పుర్రెని శుభ్రం చేసి, తెల్లబడేదాకా ఆరుబయట ఉంచి, నుదుటి మీద పేరు, తేదీ రాసి, చుట్టూ గులాబీలో ఓక్ ఆకులో ఐవీ తీగలో వేసేవాళ్లు. ఒకే కుటుంబం వాళ్లని పక్కపక్కన పెట్టారు. చివరిది 1995లో చేర్చారు. 1983లో చనిపోయిన ఒక స్త్రీది, తనది అక్కడ పెట్టమని ఆవిడే కోరుకుందట. బంగారు పన్ను కూడా కనిపిస్తుంది.

పిల్లల సంగతి పిల్లల్ని బట్టి. మా మనవడు భయపడతాడేమో అనుకుంటే, వాడు ఇంటిపేర్లు చదువుకుంటూ ఎవరికి ఎవరు ఏమవుతారో లెక్కలు వేశాడు. నాకైతే భయమనిపించలేదు, అస్థికలు గంగలో కలిపే మనకి అది కొత్తగా ఉంటుంది, అంతే. లోపల గట్టిగా మాట్లాడొద్దని మాత్రం ముందే చెప్పండి.

చైనాలో అచ్చం ఇలాంటి ఊరే కట్టేశారని యూట్యూబ్‌లో చూశాను. వీసా సులువైతే అక్కడికే పోవచ్చు కదా?
— హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి

పోవచ్చు బాబూ. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో మిన్‌మెటల్స్ కంపెనీ కట్టింది, 2012లో తెరిచారు. చర్చి, కూడలి, ఇళ్లు అన్నీ దించేశారు. హాల్‌స్టాట్ వాళ్లకి ముందు ఒళ్లు మండింది, తర్వాత వాళ్ల మేయరే ప్రారంభోత్సవానికి వెళ్లాడు. అది ఇళ్లు అమ్ముకునే వెంచర్. మీ కూకట్‌పల్లి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకి ఇటలీ పేర్లు పెట్టినట్టే, వాళ్లు పేరుతో పాటు బొమ్మ కూడా తెచ్చుకున్నారు. ఉప్పు గని మాత్రం తేలేకపోయారు.

అమ్మా, మాది చింతపల్లి వైపు. డిసెంబర్ వస్తే లంబసింగికి ఆదివారం నాడు ఎన్ని కార్లు వస్తాయో చెప్పలేం. మంచు చూసి, ప్లాస్టిక్ పారేసి పోతారు. మేం నాలుగు గదులు కట్టి అద్దెకిస్తున్నాం, రాబడి కావాలి, ఇబ్బందీ ఉంది. హాల్‌స్టాట్ వాళ్లు దీన్ని ఎలా నెట్టుకొస్తున్నారు?

వాళ్లూ నెట్టుకురాలేక తంటాలు పడుతున్నారు తండ్రీ. అందుకే మీకు వాళ్ల కథ పనికొస్తుంది.

1997లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2006లో ఒక కొరియన్ టీవీ సీరియల్ అక్కడ తీశారు, ఆసియా నుంచి జనం రావడం మొదలైంది. తర్వాత ఫోన్లు, ఇన్‌స్టాగ్రామ్. ఇప్పుడు సీజన్‌లో రోజుకి 10,000 మంది దాకా వస్తారు, 750 మంది ఉన్న ఊరికి. 2020లో టూరిస్టు బస్సులకి ముందే టైమ్ బుక్ చేసుకునే పద్ధతి పెట్టారు. బుకింగ్ లేని బస్సుని నిలపనివ్వరు. ఇది కొంత పని చేసింది. 2023 మేలో, అందరూ ఎగబడే ఫొటో చోటు దగ్గర సరస్సు కనిపించకుండా చెక్క కంచె కట్టారు. ప్రపంచమంతా వార్తయ్యేసరికి తీసేశారు. కంచె వల్ల పేరు ఇంకా పెరిగింది, వచ్చేవాళ్లు తగ్గలేదు. అదే ఏడాది ఆగస్టులో ఊరివాళ్లే రోడ్డెక్కారు: రోజుకి ఇంతమందే రావాలని, సాయంత్రం ఐదు తర్వాత టూరిస్టు బస్సులు ఉండకూడదని.

మీరు గమనించాల్సింది ఇది. ఊరికి పార్కింగ్, బాత్రూమ్‌ల మీద డబ్బు వస్తుంది, దుకాణాలు నడుస్తాయి. కానీ ఫొటో తీసుకుని పోయేవాడు గది తీసుకోడు, భోజనం చేయడు. రద్దీ వాడిది, రాబడి మాత్రం రాత్రి ఉండేవాడి వల్ల. కాబట్టి మీ నాలుగు గదులు సరైన పనే. కార్లని ఊరి బయటే ఆపి, నడిపించి తీసుకురావడం మీ పంచాయతీ వల్ల అవుతుందేమో అడగండి. హాల్‌స్టాట్‌లో పగలు ఊళ్లోకి బయటి కార్లు రానివ్వరు. పొద్దున్నే వచ్చినవాళ్లకి పార్కింగ్ దొరుకుతుంది, ఆలస్యమైతే వెనక్కి పోవాల్సిందే. మొహమాటం లేదు.

ఇంకోటి. టూరిస్టుల మీదే ఆధారపడని పని ఊళ్లో ఒకటి మిగలాలి. వాళ్లకి గని ఇంకా నడుస్తోంది. 1873లో పెట్టిన చెక్కపని పాఠశాల ఉంది, ఇప్పుడది పెద్ద సాంకేతిక పాఠశాల. పడవలు, సంగీత వాయిద్యాలు చేయడం నేర్పుతారు. బయటి ఊళ్ల నుంచి పిల్లలు వచ్చి హాస్టల్‌లో ఉంటారు. సాయంత్రం ఊళ్లో కుర్రాళ్ల గొంతులు వినిపిస్తాయంటే వాళ్ల వల్లే. మీకు కాఫీ, మిరియాలు ఉన్నాయి. గదుల మోజులో వాటిని వదలకండి.

మేడమ్, మేం పూర్తి శాకాహారులం. అక్కడ ఏం తినాలి?
— నెల్లూరు నుంచి

సరస్సు చేపకి పేరుపడ్డ ఊరు, మీకు కాస్త కష్టమే. కేజ్‌స్పెట్స్‌లె అడగండి, జున్ను వేసి చేసిన పొట్టి నూడుల్స్ లాంటివి, పైన వేయించిన ఉల్లిపాయలు వేస్తారు, కడుపు నిండుతుంది. పంది కొవ్వు ముక్కలు లేకుండా అని ముందే చెప్పాలి. యాపిల్ స్ట్రూడెల్ ఎక్కడైనా దొరుకుతుంది. పచ్చడి సీసా మీరు ఎలాగూ తీసుకెళ్తారు, నేను చెప్పక్కర్లేదు. రాత్రి భోజనానికి ఆలస్యం చేయకండి, వంటగదులు తొందరగా మూసేస్తారు. రైలుకి వెళ్లాల్సినవాళ్లు ఆఖరి పడవ టైమ్ రేవు దగ్గర బోర్డు మీద వచ్చిన వెంటనే చూసుకోవాలి. అది సాయంత్రమే వెళ్లిపోతుంది. తప్పితే స్టేషన్‌కి సరస్సు చుట్టూ టాక్సీలో పోవాల్సిందే.